వర్బా కట్ట తెగిందని సైరన్ మోగించిన విషయమై

జిల్లా గవర్నర్ గారి సముఖమునకు,

దోల్నా వర్బా పట్టణ సైరన్ బాధ్యుడు, ప్రస్తుతం సస్పెన్షన్‌లో ఉన్న రాంగెల్ స్తామెనోవ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: టెలివిజన్ సీరియల్ చూసి పట్టణమును ఖాళీ చేయించితినను అభియోగమునకు సంజాయిషీ, మరియు కింది వీధి సైరన్ బూర గురించి విన్నపము.

1. తమ కార్యాలయపు తాఖీదులో నేను "ఒక వినోద కార్యక్రమమును వాస్తవమని భ్రమించితిని" అని ఉన్నది. నిజమే, కాదనను. అయితే ఆ భ్రమ ఏ పరిస్థితులలో కలిగినదో తాఖీదులో లేదు గనుక మనవి చేసుకొంటున్నాను.

2. ఆ సాయంత్రం మా అమ్మాయి వియోలెటాను బడి వీడ్కోలు విందుకు సాగనంపుతున్నాం. పన్నెండో తరగతి పూర్తయిన పిల్లను ఇంటి నుంచి ఎలా పంపుతారో తమరికి తెలియనిది కాదు. వీధి వీధంతా మా పెరట్లోనే ఉన్నది. ఒకరు క్లారినెట్, ఒకరు డోలు. నా భార్య గింకా పొద్దుటి నుంచి ఎవరు కనబడితే వారి మీద ఏడుస్తూ, వారికే జున్ను రొట్టె పెడుతున్నది.

అదే సమయమున మా అమ్మ పరస్కేవా వంటింట్లో "అధ్యక్షుడి ఇల్లు" సీరియల్ పునఃప్రసారం చూస్తున్నది. ఆ భాగములో దేశాధ్యక్షుని కూతురికీ అదే రోజు బడి వీడ్కోలు. ఆమె ముస్తాబై మెట్లు దిగుతుండగా మంత్రి పరుగున వచ్చి జలాశయం కట్ట తెగిందని చెబుతాడు. ఆ జలాశయానికి వర్బా అని పేరు పెట్టారు. అలాంటి పేరు గల జలాశయం దేశంలో లేదని రచయితలు అనుకున్నారట. ఉన్నది. దాని కింద మేమున్నాము. పైగా ఆ ప్రకటన చదివినది రోజూ రాత్రి మనకు నిజం వార్తలు చదివే పెద్దమనిషే.

అమ్మ పెరట్లోకి వచ్చింది.

"ఒరేయ్ రాంగెల్, వర్బా కట్ట తెగిందట."

"ఎవరన్నారమ్మా?"

"వార్తలాయన. నల్ల టై కట్టుకున్నాడు."

నేను లోపలికి పోయి చూచితిని. పల్లంలో ఉన్నవారు తక్షణం ఎత్తైన చోటికి పోవలెనని ఆయన చెబుతున్నారు. కార్యక్రమం పూర్తిగా చూడక నిర్ణయం తీసుకొంటినని తాఖీదు. కట్ట తెగిందన్నాక కూర్చుని పూర్తిగా చూసే అలవాటు నాకు లేదు.

జలాశయం కావలివానిని ఎందుకు విచారించలేదని అడిగారు. విచారించితిని. డోలు వాయిస్తున్నది అతనే.

"గెంచో, కట్ట ఎలా ఉంది?"

"పొద్దున చూసినప్పుడు బాగానే ఉంది."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నేనిక్కడే ఉన్నాగా."

3. నేను పురపాలక భవనానికి పరుగెత్తి సైరన్ నొక్కితిని. జనం ఇలియా కొండకు బయలుదేరారు. ఎవరూ ఎవరినీ తొక్కలేదు. వీడ్కోలు ఆడపిల్లలందరూ పట్టు గౌనులు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని, ఎత్తు మడమల జోళ్ళు చేతబట్టుకుని ఎక్కారు.

మా అమ్మ మాత్రం రానన్నది. తన మోకాళ్ళు కొండెక్కవనీ, నీళ్ళు వస్తే బల్ల మీద కూర్చుంటాననీ అన్నది. నేను తిరిగి ఇల్లు చేరేసరికి మా తమ్ముడు అసెన్ ఆమెను వీపున వేసుకుని గేటు దాటుతున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. అసెన్ ఇల్లు మా ఎదురుగానే ఉన్నది. మేయర్ ఎన్నికలలో నేను నిలబడినప్పుడు వాడు కాఫీ కొట్టులో అందరి ముందూ, "మా అన్న మంచివాడే, కానీ నా ఓటు ఆయనకు కాదు" అన్నాడు. నేను ఓడిపోతిని. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. వియోలెటా వీడ్కోలుకు వాడిని పిలవలేదు. వాడు తన కిటికీలోంచి చూస్తున్నాడని నాకు తెలుసు.

కొండ దారిలో వాడి వెనుకే నడిచితిని. అమ్మ వాడి భుజం మీదుగా నావైపు తిరిగి, "వీడు చిక్కిపోయాడ్రా" అన్నది.

4. కొండపై నుంచి చూస్తే ఊరు ఖాళీగా ఉన్నది, ఒక్క కింది వీధి తప్ప. ఏటి ఒడ్డున ఉన్న ఆ వీధిలో మాంసం కాల్చే పొగ లేస్తున్నది. బల్లలు వేసుకుని తింటున్నారు. వాళ్ళలో ఒకరి పిల్లవాడికీ అదే రోజు వీడ్కోలు.

"నాన్నా, వాళ్ళెందుకు రాలేదు?" అన్నది వియోలెటా.

వాళ్ళకు వినబడలేదు. కింది వీధి స్తంభం మీది బూర చెడిపోయి చాలా కాలమైనది. నేను తమ కార్యాలయానికి వ్రాసి ఉన్నాను. "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చి ఉన్నది.

అసెన్ అమ్మను ఒక రాతి మీద కూర్చోబెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, కిందికి దిగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా?" అన్నాను. చాలా ఏళ్ళకు వాడితో నేనన్న మొదటి మాట అది.

"చెప్పొద్దా వాళ్ళకి?"

"నీళ్ళొస్తాయి."

"అందుకేగా పోతున్నా."

అయ్యా, అప్పటికి అది సీరియల్ అని వాడికి తెలియదు, నాకూ తెలియదు. వాడు నిజం నీళ్ళకే ఎదురుపోయాడు. నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడితిని.

వాడు చెట్ల చాటుకు పోయాక క్లారినెట్ అతనికి ప్లోవ్‌దివ్ నగరంలో ఉన్న అక్క ఫోన్ చేసింది. అతడు విని, ఫోను జేబులో పెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు: "అది నాటకమట."

ఎవరూ నవ్వలేదు. అసెన్‌కు ఫోన్ చేద్దామంటే వాడి నంబరు నా దగ్గర లేదు. అందుకని పరుగెత్తితిని. కొండ మొదట్లో ఎదురయ్యాడు. కింది వీధి మొత్తం వాడి వెంట ఉన్నది. వాడి చంకన ఒక పసిపిల్ల, చేతికర్ర పట్టుకుని పక్కనే ముసలి రాద్కా.

"ఆగరా. కట్ట తెగలేదు. అది సీరియల్."

వాడు పిల్లను దింపి దారి మీదే కూర్చున్నాడు. ఊపిరి అందడం లేదు.

"ఏ సీరియల్?"

"అధ్యక్షుడి ఇల్లు."

"నేను చూడను" అన్నాడు. ముఖం తుడుచుకుని, "వియోలెటా గౌను బాగుంది" అన్నాడు.

నేను పక్కన కూర్చుంటిని. ఇంతకన్నా మేము మాట్లాడుకున్నది లేదు. ఆ సాయంత్రం రెండు వీధుల పిల్లలనూ కొండ మీది నుంచే సాగనంపినాము. వీడ్కోలు ఆచారం ప్రకారం, చదివిన తరగతికి ఒకటి చొప్పున, ఒకటి నుంచి పన్నెండు వరకూ అందరం కలిసి అంకెలు అరిచాము.

5. కాగా విన్నపము. నా సస్పెన్షన్ సంగతి తమ చిత్తము. సైరన్ తాళం ఎవరికి ఇచ్చినా అభ్యంతరం లేదు. కానీ నేను భ్రమించి మోగించినది గనుక సరిపోయినది. రేపు ఎవరైనా భ్రమించకుండా మోగించినా కింది వీధికి వినబడదు. ఈ సంగతి ఇప్పుడు వాళ్ళకూ తెలిసినది. అందువల్ల వాన పడితే చాలు, రాద్కా గొడుగు వేసుకుని వచ్చి మా వంటింట్లో కూర్చుంటున్నది. ఇక్కడైతే సైరన్ వినబడుతుందట. అమ్మ కాఫీ పోస్తుంది. వాన తగ్గేదాకా ఇద్దరూ మాట్లాడుకోరు, వింటారు.

ఆ బూరను పరిశీలన నుంచి తప్పించి బాగుచేయించవలెనని వేడుకొంటూ, ఇందలి తప్పులు నావిగాను, అవసరము ఆ వీధిదిగాను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రాంగెల్ స్తామెనోవ్

తా.క.: అయ్యా, నిన్న అసెన్ పాత బడి గంటను తెచ్చి కింది వీధిలో అక్రోటు చెట్టుకు కట్టాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. దీనికి అనుమతి లేదు. అడిగితే తమరు కాదనవలసి వస్తుందని అడగలేదు. దయచేసి దాన్ని తీయించకండి.