రెల్లు పొర మీద టేపు

సుజౌ,
నవంబరు 16, శనివారం.

గౌరవనీయులైన పెయ్ జిన్‌హే అన్నయ్యకి,

మియావో వారి రెండో అమ్మాయి షుచింగ్ నమస్కారాలు. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ నడుం నొప్పి తగ్గిందా? ఇక్కడ పీతల కాలం, వీధంతా అల్లం వాసన. మా పీతల షాపులో ఊపిరాడటం లేదు. గబగబా కంప్యూటర్లో కొట్టేస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

ఈ ఉత్తరం నీకు కచేరీ విరామంలో అందుతుంది. షాంఘైలో మీ హాలు కాపలాదారుకి బుట్టెడు పీతలిచ్చి ఒప్పించాను. విరామం తర్వాత నువ్వు రాసి, నువ్వే నడిపించే సంగీతమేగా? నీ తొలి కచేరీనాటి అదే సంగీతం, అదే హాలు.

మన వెదురు పిల్లనగ్రోవికి ఉండే అదనపు రంధ్రం మీద పలచని రెల్లు పొర అతికించడం నీకు మా నాన్నే నేర్పాడు. నువ్వు పొరలన్నీ చింపేస్తుంటే, ఒరే, దాన్ని లాగి బిగించకురా, ముడతలుంటేనే జీర పలుకుతుంది అని నవ్వేవాడు. అలాంటి మనిషిని నీ తొలి కచేరీకి పిలిచి, రిహార్సల్లో అందరి ముందూ ఏమన్నావు? గురువుగారూ, మీ జీర మా వయొలిన్లతో కలవట్లేదు, దోమలు ముసిరినట్టుంది, పొర తీసి టేపు వేసెయ్యండి అన్నావు. పొర తీస్తే ఇది ఉత్త గొట్టంరా అన్నాడు నాన్న. అయితే గొట్టమే వాయించండి అన్నావు. అంతా పగలబడి నవ్వారు.

శిష్యుడి తొలి కచేరీ చెడకూడదని టేపు వేసుకున్నాడు. ముందు వరసలో ఒకాయన, పాపం ముసలాయనకి ఊపిరి అయిపోయింది అన్నాడు. మర్నాడు మా వీధిలో బన్నులమ్మే ఫాన్, ఏం తాతా, శిష్యుడు మూతికి టేపు వేశాడటగా అని ఆటపట్టించాడు. నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత మరి పిల్లనగ్రోవి పెదవికి ఆనించలేదు. నిరుడు పోయాడు. నువ్వు పంపిన పెద్ద పూలచక్రాన్ని నేను గుమ్మం దాటనివ్వలేదు.

మొన్న పేపర్లో చూశాను. పాతాయనకి కలిసిపోవడం చేతకాలేదు, ఈసారి పిల్లనగ్రోవికి చెప్పిన మాట వినే అమ్మాయి దొరికింది, లు యిన్‌హే అని, అన్నావట. అది చదివాక నాకు భలే ఆకలేసింది అన్నయ్యా. ఇంకో గిన్నె నూడుల్స్ వేయించుకుని తిన్నాను.

కాసిని వేడినీళ్ళు తాగు. బెల్లు కొట్టగానే వేదికెక్కు. ఎక్కకపోతే ఎందుకెక్కలేదో హాలంతటికీ నువ్వే చెప్పుకోవాలి.

ఇట్లు,
నీ గురువుగారి కూతురు,
మియావో షుచింగ్

తా.క.: యిన్‌హే మా అమ్మాయి. ఇంటిపేరు వాళ్ళ నాన్నది. నా పెళ్ళికి పిలిస్తే తీరిక లేదన్నావు, ఇక నీకెలా తెలుస్తుంది? మా నాన్న వాయించడం మానేశాడు గానీ, మనవరాలికి నేర్పడం మానలేదు. నువ్విది చదివేసరికి అది నువ్వు వేయించిన టేపు పీకేసి పొర అతికించేసి ఉంటుంది. మీ వయొలిన్ల వాళ్ళు నువ్వు లేనప్పుడు దానితో కూర్చుని సాధన చేశారు. పొర పలికేచోట తామే గొంతు తగ్గిస్తారట. జీర ఎంత చక్కగా కలుస్తోందో, నేను విన్నాను. ఆ వేదిక మీద ఇంకా విననివాడివి నువ్వొక్కడివే.