సన్నటి గీత

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి నాలుగేళ్లు. నూజివీడులో నాన్న మామిడికాయలు కోయిస్తున్నారు. సెలవు దొరికినా వెళ్లలేదు, హైదరాబాదులో ల్యాబుకే వచ్చాను.

మన కణాల్లో ఇనుము సరిగ్గా వాడకమయ్యేలా చూసే ఫ్రటాక్సిన్ అనే ప్రొటీను నీ ఒంట్లో సరిపడా తయారుకాలేదు కదా. దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ మా ల్యాబుకి వచ్చింది. ఇవాళ నేనే పరీక్ష చేశాను. ప్రొటీను ఎంత ఎక్కువుంటే ఫిల్ము మీద గీత అంత మందంగా పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నమూనాలో గీత నల్లగా, మందంగా వచ్చింది. నీ జబ్బే ఉన్న ఒకబ్బాయి నమూనాలో సన్నగా, ఉందా లేదా అన్నట్టు కనిపించింది.

"భలే వచ్చిందండీ," అంది నాతో పనిచేసే అమ్మాయి. అవునన్నాను. నీ గురించి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

నీ జబ్బు పేరు మనకింకా తెలియని రోజుల్లో, రెడ్డిగూడెంలో నువ్వు తూలుతూ ఆటో దగ్గరికి వచ్చావు. పదిహేనేళ్లు నీకు.

"తాగొచ్చావేంటి? ఎక్కమాక," అన్నాడు డ్రైవరు.

లోపల కూర్చున్న నా వైపు చూశావు. పక్కన కాలేజీ స్నేహితురాళ్లున్నారు. నువ్వెవరో తెలియనట్టు తల తిప్పుకున్నాను. ఆటో కదిలింది.

నువ్వు పొద్దుగూకాక ఇంటికొచ్చావు. ఇంతాలస్యం ఏంట్రా అని అమ్మ అడిగితే, ఆటో దొరకలేదన్నావు.

అక్క