విషయం: రెండో అర్జీదారు గైర్హాజరు

జహీరాబాద్

భాగస్వామి మల్లన్నకు సవినయంగా తెలియజేయునది.

సర్కారు హాస్టల్‌కు వంటకట్టెలు సరఫరా చేసే కాంట్రాక్టును గడువు దాటాక వచ్చిన టెండరుకు కట్టబెట్టారని మనిద్దరం పెట్టిన అర్జీ, నువ్వు కాలం చేసిన ఏడాదికి, ఇవాళ విచారణకు వచ్చింది. ఆ కాంట్రాక్టు రద్దయింది. మన కట్టెల అడితి ఇక మూతపడదు.

ఒక లోపం మాత్రం నా వల్ల జరిగింది. విచారణకు ముందు బంట్రోతు గుమ్మంలో నిలబడి నీ పేరు పిలిచాడు. నువ్వు లేవని వెంటనే మనవి చేయవలసింది. ఎవరూ నీ పేరు గట్టిగా పిలవక ఏడాదయింది కనుక, నిబంధన ప్రకారం మూడు పిలుపులూ పూర్తి కానిచ్చాను.

"ఏం సేఠ్, మీ మల్లన్న వస్తడా, రాడా?" అని మూడో పిలుపు అయ్యాక బంట్రోతు విసుక్కున్నాడు.

"జర ఇంకోసారి పిలువు తమ్మీ," అన్నాను.