రంగు కింద గీతలు

పిల్లల సంక్షేమ అధికారి మేడమ్ గారికి,

మనవడినీ మనవరాలినీ తమకే అప్పగించమని మా అమ్మానాన్నలు కోర్టుకెళ్లారు కదా. పిల్లలు బడిలో ఉన్న వేళ మీరు వచ్చి మా ఇల్లు చూసి, "పిల్లలు ఉంటున్న ఆనవాళ్లు లేవు" అని రాశారు. చదివితే ఒళ్లు మండింది. అటక మీద మూటేమిటని ఒక్కమాట అడగలేకపోయారా?

అసలు తప్పు మాదే. మీరొస్తున్నారని అమ్మ హడలిపోయింది. బొమ్మలు, చెప్పులు అన్నీ మూటకట్టి అటకెక్కించింది. "పెళ్లివారొచ్చినా ఇంత సర్దలేదు కదే!" అని నాన్న నవ్వాడు. నేను గోడలకు రంగులేసే పనివాణ్ణి. వాళ్లమ్మ, అంటే మా అక్క, పోయినప్పటి నుంచి పిల్లల ఎత్తు పెన్సిలుతో గీస్తున్న గోడ మీద నేనే రెండుసార్లు రంగు కొట్టాను.

గురువారం విచారణ. పిల్లల్ని హోముకు పంపేస్తారేమోనని అమ్మకు ముద్ద దిగడం లేదు. "నేనిక్కడే ఉంటున్నా కదా మామయ్యా, ఆవిడకి తెలీదా?" అని పిల్లది అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

నిన్న గరుకు కాగితంతో ఆ గోడ రుద్దాను. ఎనిమిది గీతలు తేలాయి. మిగతావి కూడా తేలుస్తాను. గురువారంలోపు ఒక్కసారి రండి. ఈసారి మాత్రం ముందుగా చెప్పకండి, అమ్మ మళ్లీ సర్దేస్తుంది.

ఇట్లు,
పిల్లల మేనమామ