ఎవరెవరికి చెప్పాలి

మార్చి 3, ఉదయం
దొరికింది! మా అమ్మాయి దొరికింది! మూడేళ్లకు దొరికింది! పోలీస్ మేడమ్ ఫోన్ చేశారు. నేను నమ్మలేదు. ఫోన్ దాని చేతికిచ్చారు. నాన్నా, అంది. అంతే. ఇంకేం కావాలి?
పరుపులు కుట్టే సూది చేతిలోనే ఉంది, దాంతోనే వీధిలోకి పరుగెత్తాను. ఎవర్ని పొడవడానికయ్యా అన్నాడు ఎదురు షాపు టైలర్. వాటేసుకున్నాను. సూది, సూది అని అరిచాడు. సంగతి విన్నాక నాకంటే ఎక్కువ వాడే ఏడ్చాడు.
పొయ్యి మీద పాలు మాడిపోయాయి. మా ఆవిడ పట్టించుకోలేదు.

మార్చి 3, సాయంత్రం
మేడమ్ చెప్పిన మిగతా సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. బట్టల షాపులో ఉద్యోగమని ఒకావిడ తీసుకెళ్లి ఏదో ఇంటికి అమ్మేసిందట. అమ్మేసింది. మనిషిని. తాళం వేసి ఉంచేవారట. మగవాళ్లను పంపేవారట.
ఇంక రాయను. అమ్మాయి వస్తోంది. అది రాస్తాను. వస్తోంది.

మార్చి 6
వచ్చింది! చిక్కిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగింది. సొంత ఇల్లు! మా ఆవిడ పాత అలవాటుగా, చెప్పులు విడిచి రావే దొరసానీ అని కసిరింది. కసిరి, తనే వంగి ఆ చెప్పులు విప్పింది.
చుట్టాలందరికీ చెబుదామని ఫోన్ తీశాను. ఎవరికీ చెప్పొద్దు నాన్నా, అంది. సరే తల్లీ అన్నాను. ఇంత సంతోషం కడుపులో దాచుకోవడం నా వల్ల అవుతుందా?

మార్చి 8
మంచం ఉన్నా నేల మీదే పడుకుంటోంది. కొత్త పరుపు కుడదామనుకున్నాను, మెత్తటి దూదితో. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మనిషిని గుడ్డ మీద పడుకోబెట్టి, భుజం ఎక్కడ ఆనుతుందో, నడుం ఎక్కడ ఆనుతుందో చూసి సుద్దతో గీస్తాను. అక్కడ దూది ఎక్కువ పెడతాను. ఎవరొచ్చినా అనే మాటే దానితోనూ అన్నాను. పడుకో, అన్నాను.
పడుకుంది. ఎందుకని కూడా అడగలేదు. కళ్లు మూసుకుని మొహం గోడవైపు తిప్పేసింది. కట్టెలా అయిపోయింది.
లే తల్లీ, లే, అన్నాను. లేవమన్నాకే లేచింది.
మా ఆవిడ వచ్చి ఆ గుడ్డ మడిచి లోపల పెట్టేసింది. నన్ను తిట్టినా బాగుండేది.

మార్చి 9
షాపు తెరవలేదు.

మార్చి 14
మేడమ్ పంపిన కౌన్సెలర్ వచ్చింది. మా అమ్మాయి ఈడుదే. ఇది చెయ్యి అది చెయ్యి అనకండి, చెయ్యాలనుందా అని అడగండి అంది. వద్దంటే సంతోషించండి అంది.
టీ తాగుతావా అని అడిగాను. వద్దంది. వద్దంది! రెండు కప్పులూ నేనే తాగేశాను. మా ఆవిడ మూతి తిప్పింది. పెళ్లయిన నాటినుంచి నేను వద్దంటూనే ఉన్నాను, ఏనాడైనా ఇంత సంబరపడ్డావా అంది. గదిలోంచి చిన్న చప్పుడు వినిపించింది. నవ్వే అయ్యుంటుంది. నవ్వేనని రాసుకుంటున్నాను.
పక్క గదిలోనే ఉంది, అయినా దానిమీద బెంగ తీరడం లేదు. కనిపించనప్పుడు ఊళ్లన్నీ పట్టుకుని వెతికాను. ఇప్పుడున్నది ఒక్క గది. అందులో ఎక్కడని వెతకను?

మార్చి 19
మా చెల్లెలు ఫోన్ చేసింది. నాకు చెవి సరిగా వినపడదు, స్పీకర్ పెట్టాను. సంగతి చెప్పేయాలని నాలుక ఒకటే దురద. అది చెప్పనిస్తే కదా! అన్నయ్యా, మా పెద్దదానికి ఉద్యోగమొచ్చింది, ఉండడానికి గది కూడా వాళ్లే ఇస్తారు, ఇప్పించినావిడ దేవత అనుకో, సర్టిఫికెట్లన్నీ తనే జాగ్రత్త చేస్తానని పట్టుకెళ్లింది, ఎల్లుండే ప్రయాణం అంది.
అమ్మాయి గదిలోంచి వచ్చి ఫోన్ లాక్కుంది. అడగకుండా లాక్కుంది! అత్తా, నేను, అంది. అవతల మా చెల్లెలు గొల్లుమంది. తర్వాత ఏడుద్దువుగాని, ముందు విను, ఆవిడకి పన్ను మీద పన్ను ఉందా అని అడిగింది. ఉందంది. నన్ను తీసుకెళ్లింది ఆవిడే, వదినను పంపొద్దు, అంది.
ఆ తర్వాత తనకు జరిగిందంతా చెప్పింది. దూది బస్తా మీద కూలబడి మొత్తం విన్నాను.

మార్చి 19, సాయంత్రం
మా మేనకోడలు వెళ్లడం లేదు! ఆవిడ ఎక్కడుంటుందో మా చెల్లెల్ని అడిగి అమ్మాయే మేడమ్‌కు చెప్పింది. పన్ను మీద పన్ను ఉన్నావిడ దొరికిందని మేడమ్ ఫోన్ చేశారు.
అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. మనవాళ్లకు చెబుదాం నాన్నా, అంది. నువ్వు వచ్చావనా తల్లీ అన్నాను. ఎలా వెళ్లానో కూడా, అంది.

మార్చి 20
అది చెబుతుంటే రాస్తున్నాను.
పెద్దమ్మ.
పిన్ని, ఇద్దరు కూతుళ్లు.
మేనమామ కోడలు, వాళ్ల చెల్లెళ్లు.
చిన్న తాతయ్య. నాకంటే చెవుడు. గట్టిగా చెప్పాలి.
బాబాయి. వాళ్లకు మగపిల్లలే కదే అన్నాను.
అక్కడికి వచ్చింది మగవాళ్లే కదా నాన్నా, వాళ్లకు నేనే చెబుతాను, అంది.