మఠానికి పిడికెడు బియ్యం

ఖరిదా, ఖరగ్‌పూర్
13-11-63

అన్నయ్యకు నాగవల్లి నమస్కారాలు. ఇక్కడ ఎవరికీ జ్వరాలు లేవు, బెంగపడకు.

మీ పెద్దాడు త్యాగరాజుని ఇక్కడి మఠం కాలేజీలో చేర్చనా అని అడిగావు. కలరా వచ్చిన సంవత్సరం దిక్కులేని శవాలను మోసింది ఆ మఠం విద్యార్థులే. అది చూసిన మా పక్కింటి అప్పలనర్సమ్మ, రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు మఠానికని ఒక పిడికెడు ముంతలో వేసేది. "కొడుకుల్లేపోతే ఏటమ్మా, మఠం బాబులు నన్ను మోసేత్తారు" అనేది.

ఆదివారం ఆవిడ పోయింది. కబురంపితే మఠం నుంచి ఒక్కరూ రాలేదు. త్వరలో యూనివర్సిటీ అవుతామని ఆవేళ వాళ్ళ పెద్ద సభ. మైకులో తమ సేవల చరిత్ర చదువుతుంటే, ఆ పందిరి పక్కనుంచే రైల్వే వర్క్‌షాపులో పనిచేసే బెంగాలీ అన్నలు ఆవిడను మోసుకెళ్ళారు.

చదువు బాగానే చెబుతారట. చేర్చమని మాత్రం నా నోట అనిపించకు.

వదిన మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతపండు పంపు. పిల్లలకు నా దీవెనలు.

అడ్రసు పక్కన జాగా మిగిలింది కనుక ఇదీ రాస్తున్నాను. ఇవాళ మఠం మనిషి ఎప్పటిలాగే సంచీతో వచ్చి ఆవిడ తలుపు కొట్టాడు. ముంత నేనే తెచ్చి సంచీలో బోర్లించాను.

"ఈసారి తక్కువుందేటి?" అన్నాడు.