పదకొండు వంకర ఆకులు

ఎనభై నాలుగేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. చేతి వణుకు గురించి ఆయన అందులో ఏమీ రాయలేదు కాబట్టి అక్షరాలు వంకరపోతే ఆయన్ని అడగొద్దు. కొట్టివేత ఉన్న ప్రతి చోటా పక్కన పొడి సంతకం పెట్టాను. మా అబ్బాయి దీన్ని టైపు చేయించి తెస్తానన్నాడు, వద్దన్నాను. టైపు నాకూ వచ్చు, ముప్పై ఒకటో ఏట నేర్చుకున్నాను. కానీ ఈ కాగితాన్ని మాత్రం ఎవరూ సాపు చేయకూడదు.

ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. వాటిలో నేను చాలా మంచిదాన్ని.

1. ఇంటి కింది భాగం, వెనక పెరడు, అందులోని తీగతో సహా, నా తదనంతరం నా కొడుక్కి చెందాలి. పైన ఉన్న రెండు గదులూ నా కూతురికి పోయిన నెలలోనే దానపత్రం రాసి రిజిస్టరు చేయించాను. ఈ వీలునామా కింద ఆమెకు ఏమీ రాదు. మరిచిపోయానని అనుకోవద్దు. కారణం చివర రాశాను.

2. కుట్టు మిషనూ, పెద్ద కత్తెరా నా కోడలికి. ఆ కత్తెరతో నా కొడుకు ఒకసారి కరెంటు వైరు కత్తిరించాడు. అప్పుడు వాడికి పద్నాలుగేళ్లు, ఇప్పుడు అరవై. మొండిబారిన ఆ చోటు ఈనాటికీ గుడ్డకు పట్టేస్తుంది. వాణ్ణి క్షమించానని తెలియజేస్తున్నాను, కానీ కత్తెర వాడి చేతికి ఇవ్వొద్దు.

3. వయొలిన్ నా మనవరాలికి. యాభై ఆరో ఏట మొదలుపెట్టాను. ఈ వయసులో వేళ్లు వంగవమ్మా అన్న మాస్టారు మూడు నెలలు తిరక్కుండానే పాఠాలు ఎగ్గొట్టడం మొదలుపెట్టారు. నేను ఒక్కటీ ఎగ్గొట్టలేదు. బాగా వాయించానని మాత్రం చెప్పను. పక్కింటి గడియారాల రిపేరు ఆయన నా సాధన అయ్యేదాకా కిటికీ మూసుకునేవారు. అయినా ఈ రోజు సాక్షి సంతకానికి పిలిస్తే మారుమాట లేకుండా వచ్చారు.

4. సైకిలు తొక్కడం దగ్గర్నుంచి కంప్యూటరు దాకా నేను నేర్చుకున్నవన్నీ రాసుకున్న నోటు పుస్తకాలు ఇరవై ఏడు. ఎవరికి కావాలంటే వాళ్లకి. పోయిన ఏడాది నుంచి పుస్తకాల బైండింగు నేర్చుకుంటున్నాను. బల్ల మీద సగం కుట్టిన పుస్తకం ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పూర్తి చేయొద్దు. నా పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టడం నాకు నచ్చదు. ఈ మాట రాశాక నాకు నేనే పైకి చదువుకున్నాను. బతుకంతా నేను చేసింది అదే మరి. కోడలు వేసిన అంచు విప్పి మళ్లీ వేశాను. కొడుకు రాసిన ఉత్తరం చింపి మళ్లీ రాయించాను. చక్కబెట్టకపోతే నా చేతులు ఊరుకోవు.

5. నేను పోయాక, ఆవిడ ఆఖరిదాకా నేర్చుకుంటూనే ఉంది అని ఎవరో ఒకరు అంటారు. అనండి. కానీ కింది నిబంధన అందరి ముందూ పైకి చదివాకే అనండి. చదవాల్సింది నా కొడుకు.

6. హాల్లో అద్దం ఫ్రేములో నలభై ఆరేళ్లుగా వేలాడిన బల్లగుడ్డ గురించి.

నా కూతురికి అప్పుడు పదకొండేళ్లు. బడి ప్రదర్శన కోసం రెండు నెలలు కూర్చుని ఒక బల్లగుడ్డ మీద తీగ కుట్టింది. ఆకులు పదకొండు. ఒక్కటీ తిన్నగా లేదు. ఒకటి ముడుచుకుంది, ఒకదాని అంచు చిరిగింది, కొన్నిటి మధ్యలో చిల్లులు. నేను కుట్టుపని నేర్పే టీచర్ని. అది చూసి నాకు తల కొట్టేసినట్టయింది. నా కూతురు ఇలా కుట్టిందంటే నలుగురిలో నా పరువు ఏం కాను అనుకున్నాను. ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం, అది బడికి వెళ్లినప్పుడు, ఆకులన్నీ విప్పేసి అచ్చు గుద్దినట్టు మళ్లీ కుట్టాను. మొదటి బహుమతి వచ్చింది.

బహుమతి ఇస్తుంటే, కుట్టింది నేను కాదండీ అని ఆ పిల్ల హెడ్మిస్ట్రెస్‌తో చెప్పింది. ఆవిడ నా వైపు చూశారు. దానికి సిగ్గండీ అని నవ్వాను. అది మళ్లీ అదే మాట చెప్పింది. అప్పుడు నేను, అంత మంది తల్లుల ముందూ, అబద్ధాలాడటం ఎక్కడ నేర్చుకున్నావే అని గదమాయించాను. ఆ తర్వాత అది మళ్లీ సూది ముట్టలేదు. దీనికి ఏ కళా అబ్బలేదని చుట్టాలందరి దగ్గరా చెప్పుకుని బాధపడ్డాను కూడా.

అరవై రెండో ఏట బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి వెళ్లాను. ఆకు ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి చూడటం మానేశారు, ఇంటికెళ్లి నిజం ఆకును చూసి వేయండి అంది నేర్పే అమ్మాయి. పెరట్లో తీగ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక ఆకు ముడుచుకుంది, ఒకటి చిరిగింది, కొన్నిటిని పురుగు తిని చిల్లులు పెట్టింది. పదకొండేళ్ల పిల్ల ఉన్నది ఉన్నట్టు చూసి కుట్టిందని నాకు అప్పుడు అర్థమైంది. దానికి కళ్లున్నాయి, నాకు చేతులే ఉన్నాయి.

అర్థమైన రోజునే చెప్పాల్సింది. ఇరవై రెండేళ్లు చెప్పలేదు. ఆ మధ్యలో ఇంకా నాలుగు విద్యలు నేర్చుకున్నాను కానీ, ఒక తప్పు ఒప్పుకోవడం చేతకాలేదు. నేను సిగ్గుపడుతున్నాను. వీలునామాలో ఈ మాటకు చోటు లేదన్నారు వకీలుగారు. చోటు నేనే చేసుకున్నాను.

పోయిన నెల ఆ గుడ్డను ఫ్రేములోంచి తీసి, భూతద్దం పెట్టుకుని, ఎనిమిది రోజులు కూర్చుని నా కుట్లు విప్పాను. చివరి ఆకు కింద పిల్ల వేసిన ఆకు ఒకటి అలాగే ఉంది, చిల్లుతో సహా. ముడి ఊడక ఆ రోజు దాని మీదే కుట్టేసి ఉంటాను. సూది చిల్లులూ ఆ ఒక్క ఆకూ మిగిలిన గుడ్డను నిన్న నా కూతురి చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. తిరగేసి వెనక వైపు చూసింది. మిగతా దారాలేవీ అని అడిగింది. పారేశానే అన్నాను.

7. ప్రదర్శన రోజు సాయంత్రమే మా మరిది నా కూతురికి నేన్కాదు అని పేరు పెట్టాడు. అందరం నవ్వాం, అందరికంటే ఎక్కువ నేను. విషయం తెలియని నా మనవరాలు కూడా ఈనాటికీ నేన్కాదత్తా అనే పిలుస్తుంది. ఇకమీదట ఆ పేరుతో పిలిచినవారికి పై నిబంధనల కింద వచ్చింది ఏదైనా రద్దయి ఆ ప్రదర్శన జరిగిన బడికి చెందుతుంది. ఇలా రాయొచ్చని వకీలుగారు చెప్పారు, వేళాకోళం అనుకోవద్దు.

8. నా కూతురు ముప్పై ఏళ్లుగా నీటి పరీక్షల లాబులో పని చేస్తోంది. నీళ్లలో ఏది కనిపిస్తే అదే రాస్తుంది, ఎవరు చెప్పినా మార్చదు. ఈ వీలునామాకు రెండో సాక్షిగా ఉండమని అడిగాను. సాక్షికి వీలునామా కింద ఆస్తి రాయకూడదట. దానికి ఇవ్వాల్సినవన్నీ ముందే చేతికి ఇచ్చింది అందుకే. ఆ రోజు అంత మందిలో దాని మాట చెల్లకుండా చేశాను, ఈ కాగితం దాని మాట మీద చెల్లాలని నా కోరిక. వస్తానని అనలేదు. చదివి చూస్తాను, నిజమైతే సంతకం పెడతాను అంది. పెట్టకపోతే వీలునామా చెల్లదు, ఇంకో సాక్షిని నేను పిలవను.

మార్చి నెల పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నరకు, మా ఇంటి హాల్లో, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం)
వీలునామా రాసినది

ఒకటో సాక్షి: పక్కింట్లో ఉంటాను, గడియారాలు బాగుచేస్తాను. ఆవిడ సంతకం చేస్తుండగా చూశాను. (సంతకం)

రెండో సాక్షి: అంతా రెండుసార్లు చదివాను. ఆరో నిబంధనలో ఒక తప్పు ఉంది. నా ఆకులు పదకొండు కాదు, పన్నెండు. మిగతాదంతా నిజం. ఆ గుడ్డ కుట్టింది నేను కాదు. (సంతకం) కూతురు